కిటికీ మూశాం... పొయ్యి ఆర్పామా?

చుట్టాలు "ఇక వెళ్ళొస్తాం" అని లేస్తారు. చెప్పులేసుకుంటారు. గేటు దాకా వెళ్ళి, అక్కడ నిలబడి మరో ముప్పావు గంట కబుర్లు చెబుతారు. ఈలోగా లోపల హాల్లో ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, లైటు వెలుగుతూనే ఉంటుంది. ఇది మనందరికీ అనుభవమే కదా! మన ఇళ్ళల్లో కంప్యూటర్ లోపల రోజూ జరిగేదీ సరిగ్గా ఇదే. పని అయిపోయిందని పైన మూలనున్న ఇంటూ గుర్తు నొక్కుతాం. తెర మీద బొమ్మ మాయమవుతుంది. ప్రోగ్రామ్ మాత్రం ఇంకా గేటు దగ్గరే ఉంటుంది. దాని కోసం లోపల కరెంటు ఖర్చవుతూనే ఉంటుంది, యంత్రం వేడెక్కుతూనే ఉంటుంది.

"మాకెందుకండీ ఈ గొడవంతా, మా వారో అబ్బాయో చూసుకుంటారు" అనే రోజులు పోయాయి. ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్పే టీచరమ్మకీ, ఇంట్లోనే చీరల వ్యాపారం చేసుకునే ఆవిడకీ, డేటా ఎంట్రీ చేసే అమ్మాయికీ ల్యాప్‌టాపే కుట్టుమిషను. అది మూలపడితే ఆ నెల సంపాదన కూడా మూలపడ్డట్టే. చీటీ పాడి కొనుక్కున్న వస్తువు సెగలు కక్కుతూంటే గుండె గుభేలుమనదూ!

మా వీధిలో ట్యూషన్లు చెప్పే ఒకావిడకి ఇలాగే జరిగింది. పాఠాలన్నీ అయిపోయి, అన్నీ మూసేశాక కూడా ఆవిడ ల్యాప్‌టాప్ ఫ్యాను మిక్సీలా రొద పెట్టేది. అరచెయ్యి ఆనిస్తే చురుక్కుమనేది. రిపేరు షాపుకి తీసుకెళ్తే ఆ కుర్రాడు తెరిచైనా చూడకుండా, "మదర్‌బోర్డు పోతోంది మేడమ్, ఎనిమిది వేలవుతుంది" అన్నాట్ట. ఎనిమిది వేలంటే ఎందరు పిల్లల ఫీజో ఆవిడకి తెలుసు. తటపటాయిస్తూ ఇంటికొచ్చి, హైదరాబాదులో ఉన్న మేనల్లుడికి ఫోన్ చేసింది. అతను ఫోన్లోనే మూడు మీటలు నొక్కించాడు. తీరా చూస్తే, పొద్దున ఎనిమిదింటికి పాఠం చెప్పి మూసేసిన మీటింగు ప్రోగ్రామ్ రాత్రి తొమ్మిదింటికి కూడా లోపల పనిచేస్తూనే ఉంది. ప్రాసెసర్ శక్తిలో సగానికి పైగా అదే తినేస్తోంది. దాన్ని ఆపించాడు. పది నిమిషాల్లో ఫ్యాను శాంతించింది. మదర్‌బోర్డు నిక్షేపంలా ఉంది.

తెర మీద కనిపించేది మొహమే

మనం చూసే కిటికీ, అదే విండో, ప్రోగ్రామ్‌కి మొహం మాత్రమే. పని చేసే మనిషి వెనకుంటాడు. అతణ్ణే కంప్యూటర్ భాషలో ప్రాసెస్ అంటారు. మొహం కనిపించనంత మాత్రాన మనిషి ఇంటికెళ్ళిపోయినట్టు కాదు. కొన్ని ప్రోగ్రాములు ఇంటూ నొక్కగానే బుద్ధిగా సర్దుకుని వెళ్ళిపోతాయి. కొన్నింటిని తయారుచేసినవాళ్ళే వెళ్ళకుండా ఉండేట్టు చేస్తారు. మెసేజీ వస్తే టింగుమనాలి, ఫోటోలు ఆన్‌లైన్‌లోకి చేరుతూ ఉండాలి, ఈసారి నొక్కగానే చటుక్కున తెరుచుకోవాలి. ఇదంతా మన సౌకర్యం కోసమేనని వాళ్ళంటారు. కొంత నిజమే. కానీ ఒక్కొక్కటీ "నేనొక్కదాన్నేగా" అని ఇలా తిష్ఠ వేస్తే పెళ్ళివారి విడిది అవదూ!

ఇంకో రకం ఉన్నాయి. వీటికి వెళ్ళాలనే ఉంటుంది, పాపం, వెళ్ళలేవు. లోపల ఏదో పొరపాటు వల్ల ఒకే చోట గానుగెద్దులా తిరుగుతూంటాయి. వేడి పుట్టించడంలో ఇవే ముందు. ఊరికే కూర్చున్న ప్రాసెస్ జ్ఞాపకశక్తిలో, అదే మెమరీలో, కాస్త చోటు ఆక్రమిస్తుందేగానీ పెద్దగా వేడి పుట్టించదు. ఆగకుండా తిరిగేదే యంత్రాన్ని కాలుస్తుంది.

ఇలా తెర వెనక పనిచేసే ప్రోగ్రాములకి పాతకాలం నుంచీ ఒక పేరుంది, డీమన్లు. 1963లో అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థలో, ప్రాజెక్ట్ మ్యాక్ అనే చోట పనిచేసినవాళ్ళు పెట్టిన పేరు. మాక్స్‌వెల్ అనే భౌతిక శాస్త్రవేత్త 19వ శతాబ్దంలో ఒక ఊహ చేశాడు. చిన్న భూతం ఒకటి తలుపు దగ్గర కూర్చుని, వేగంగా వచ్చే అణువుల్ని ఒక గదిలోకీ నెమ్మదిగా వచ్చేవాటిని ఇంకో గదిలోకీ పంపిస్తుంటుందిట. అలా ఒక గది వేడెక్కి, మరో గది చల్లబడుతుందిట. ఆ భూతం పేరే వీటికి పెట్టారు. పేరులోనే వేడి ఉందన్నమాట!

వేడి ఎక్కణ్ణించి వస్తుంది?

ప్రాసెసర్ అంటే గోరంత, మహా అయితే బొటనవేలంత ముక్క. అందులో కోట్లకొద్దీ అతి చిన్న స్విచ్చీలుంటాయి. అవి సెకనుకి కోట్లసార్లు పడుతూ లేస్తూంటాయి. పడి లేచిన ప్రతిసారీ రవ్వంత కరెంటు వేడిగా మారుతుంది. మామూలు ల్యాప్‌టాప్ ప్రాసెసర్ 15 వాట్ల ప్రాంతంలో వాడుతుంది, పని ఒత్తిడి పెరిగితే కాసేపు అంతకు రెండింతలూ దాటొచ్చు. 15 వాట్లంటే ఏముందీ, ఎల్‌ఈడీ బల్బంతేగా అనుకోకండి. ఆ వేడంతా గోరంత చోటులో పుడుతోంది మరి!

ఆ వేడిని రాగి గొట్టం ద్వారా లాగి, చిన్న ఫ్యాను బయటికి ఊదేస్తుంది. పని తక్కువగా ఉంటే ప్రాసెసర్ మధ్యమధ్య కునుకు తీస్తుంది, చల్లబడుతుంది. గానుగెద్దు ప్రోగ్రామ్ దాన్ని కునుకు తియ్యనివ్వదు. చాలా ప్రాసెసర్లకి 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర హద్దు ఉంటుంది. హద్దు దగ్గరికి రాగానే కాలిపోకుండా తన వేగం తానే తగ్గించుకుంటుంది. అందుకే వేడెక్కడమూ, నత్తలా నడవడమూ తరచు ఒకే జబ్బు. "పాతదైపోయింది, కొత్తది కొనాలి" అనుకునేముందు ఇది గుర్తుపెట్టుకోండి.

మన ఎండాకాలం సంగతి చెప్పనే అక్కర్లేదు. మే నెలలో బెజవాడలోనో రామగుండంలోనో గది గాలే 38, 40 డిగ్రీలుంటే, ఫ్యాను అంతకంటే చల్లటి గాలి ఎక్కణ్ణించి తెస్తుంది? పైగా మనం మంచం మీద, బొంత మీద పెట్టుకుంటాం. గాలి లోపలికి వెళ్ళే కన్నాలు చాలావాటికి అడుగు భాగానే ఉంటాయి. ముక్కు మూసి పరిగెత్తమన్నట్టే!

మూడు మీటలు

ఆ మేనల్లుడు నొక్కించిన మూడు మీటలు ఇవి: కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్, మూడూ ఒకేసారి. విండోస్ కంప్యూటర్లో టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. దీన్ని మైక్రోసాఫ్ట్ ఇంజనీరు డేవ్ ప్లమ్మర్ ఇంట్లో కూర్చుని, తన సరదాకి రాసుకున్నాడు. 1996లో విండోస్ ఎన్‌టీ 4.0తో పాటు బయటికొచ్చింది. ఇప్పటికీ మన చేతిలో ఇంతకంటే మంచి కట్టె లేదు.

అందులో సి.పి.యు. అనే శీర్షిక మీద ఒకసారి నొక్కితే ఎక్కువ తినేది పైకి వస్తుంది. మీరెప్పుడో మూసేసిన ప్రోగ్రామ్ పేరు అక్కడ పెద్ద అంకెతో కనిపిస్తే దాని మీద నొక్కి "ఎండ్ టాస్క్" అనండి. సేవ్ చెయ్యని పని ఉంటే పోతుంది, ముందే చూసుకోవాలి. పేరు తెలియనివాటి జోలికి, విండోస్ సొంత ప్రాసెస్‌ల జోలికి వెళ్ళద్దు. అప్‌డేట్ నడుస్తున్నా, యాంటీవైరస్ తనిఖీ చేస్తున్నా కాసేపు వేడెక్కడం సహజం, దాని పని దాన్ని కానివ్వండి. అన్నట్టు, వివరాల పేజీలో "సిస్టమ్ ఐడిల్ ప్రాసెస్" పక్కన 95 అని కనిపించి చాలామంది హడలిపోతారు. ప్రాసెసర్ అంత శాతం ఖాళీగా ఉందని దానర్థం. సోమరితనానికి వేసిన మార్కులన్నమాట.

ఒక తమాషా చెప్పనా? 2025 అక్టోబరు చివర్లో విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ ఒక ఐచ్ఛిక అప్‌డేట్ ఇచ్చింది. అది వేసుకున్న కొన్ని కంప్యూటర్లలో ఈ టాస్క్ మేనేజరే ఇంటూ నొక్కినా చావలేదు! తెరిచి మూసిన ప్రతిసారీ ఒక ప్రతి వెనక మిగిలిపోయేది. పదిసార్లు చూస్తే పది. ఊరి కావలివాడే దొంగతనంగా గోడెక్కి కూర్చున్నట్టు! నవంబరు అప్‌డేట్‌లో సరిచేశారు. అంతటి కంపెనీ కూడా ఇలా తప్పులో కాలేస్తుంటే, మనింట్లో కంప్యూటర్ వేడెక్కితే "నువ్వేదో నొక్కి ఉంటావు" అని ఆడవాళ్ళనే ఎందుకనాలో నాకెప్పటికీ అర్థం కాదు.

మళ్ళీ మళ్ళీ అదే ప్రోగ్రామ్ తిష్ఠ వేస్తుంటే, రోజూ పట్టుకుని బయటికి గెంటడం కంటే తలుపు దగ్గరే ఆపడం మేలు. గడియారం పక్కనున్న చిన్న బాణం గుర్తు నొక్కండి, అక్కడ దాక్కున్నవాళ్ళంతా బయటపడతారు. కుడి మీట నొక్కి "క్విట్" అంటే నిజంగా వెళ్తారు. టాస్క్ మేనేజర్‌లోనే స్టార్టప్ అని ఇంకో పేజీ ఉంది. కంప్యూటర్ వెయ్యగానే పిలవకుండా లేచి కూర్చునేవన్నీ అందులో ఉంటాయి, అక్కర్లేనివి డిజేబుల్ చెయ్యచ్చు. క్రోమ్ సెట్టింగుల్లో సిస్టమ్ అనే చోట, క్రోమ్ మూసేశాక కూడా వెనక యాప్‌లు నడవనివ్వాలా అని ఒక మీట ఉంటుంది. మైక్రోసాఫ్ట్ ఎడ్జ్‌లోనూ అలాంటిదే ఉంది, దానికి తోడు 2021లో వచ్చిన "స్టార్టప్ బూస్ట్" ఒకటి. రెండూ ఆపేసినా కొంపేం మునగదు, తెరుచుకోవడానికి ఇంకో రెండు సెకన్లు పడుతుంది, అంతే. మ్యాక్ వాడేవాళ్ళకైతే ఎర్ర చుక్క నొక్కితే మూసుకునేది సాధారణంగా కిటికీ మాత్రమే. నిజంగా ముగించాలంటే కమాండ్, క్యూ.

రాత్రి షట్‌డౌన్ చేసి పడుకుంటున్నాం కదా, అన్నీ పోవా అంటారేమో. 2012లో విండోస్ 8తో "ఫాస్ట్ స్టార్టప్" అనేది వచ్చింది. ఇది ఆన్‌లో ఉన్న కంప్యూటర్లలో షట్‌డౌన్ అన్నా మనం తెరిచిన ప్రోగ్రాములు మూసుకుంటాయి గానీ, విండోస్ గర్భగుడి భాగం మాత్రం అలాగే డిస్కులో దాచిపెట్టబడి, పొద్దున మళ్ళీ అదే లేస్తుంది. డ్రైవర్లలో ఏదైనా పేచీ ఉంటే అదీ దానితోనే లేస్తుంది. పూర్తిగా కడిగి ముగ్గేసినట్టు మొదలవ్వాలంటే "రీస్టార్ట్" నొక్కాలి. వారానికోసారి చేస్తే చాలు.

దొంగలూ ఉన్నారు

వేడికి కారణం అన్నిసార్లూ అమాయకమైనది కాదు. 2017 సెప్టెంబరులో కాయిన్‌హైవ్ అనే సర్వీసు మొదలైంది. ఏదో వెబ్‌సైటు చూస్తున్నవాళ్ళ ప్రాసెసర్‌ని వాడుకుని మొనెరో అనే డిజిటల్ నాణేలు తవ్వుకోవడం దాని పని. కరెంటు బిల్లు మనది, నాణేలు వాళ్ళవి! ఆ నవంబరులో మాల్‌వేర్‌బైట్స్ అనే భద్రతా సంస్థ ఇంకో ఎత్తు బయటపెట్టింది. కనిపించే బ్రౌజర్ కిటికీ మనం మూసేసినా, సన్నటి మరో కిటికీ తెర కింద పట్టీలో గడియారం వెనక దాక్కుని తవ్వుతూనే ఉండేది. ప్రాసెసర్‌ని మరీ ఎక్కువ వాడితే అనుమానం వస్తుందని కాస్త తగ్గించి వాడుకునేవాడట, ఎంత జాగ్రత్తపరుడో చూడండి! కాయిన్‌హైవ్ 2019 మార్చిలో మూతపడింది గానీ ఆ విద్య మాత్రం పోలేదు. ఉచిత సినిమాల సైట్లూ, దొంగ సాఫ్ట్‌వేర్లూ ఇలాంటివాటికి రాచబాట. బ్రౌజర్ మూసేశాక కూడా టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్ పేరే పెద్ద అంకెతో పైన ఉంటే అనుమానించాల్సిందే.

ఇదంతా విని ఫోన్లో కూడా ప్రతి యాప్‌నీ వేలితో పైకి తోసి పారేయకండి. ఫోన్ల పద్ధతి వేరు, వెనక్కి వెళ్ళిన యాప్‌లని చాలావరకు అదే నిద్రపుచ్చుతుంది. 2016లో ఒక వినియోగదారుడు ఇలా మూస్తే బ్యాటరీ మిగులుతుందా అని అడిగితే, ఆపిల్ పెద్దల్లో ఒకరైన క్రెయిగ్ ఫెడరిగీ అక్కర్లేదనే జవాబిచ్చారు.

ల్యాప్‌టాప్ అని పేరున్నా ఒళ్ళో పెట్టుకోకపోవడమే మంచిది. 2010లో స్విట్జర్లాండ్ డాక్టర్లు పీడియాట్రిక్స్ పత్రికలో 12 ఏళ్ళ కుర్రాడి కేసు రాశారు. నెలల తరబడి రోజుకి కొన్ని గంటలు ఒళ్ళో పెట్టుకుని ఆటలాడినందుకు వాడి ఎడమ తొడ మీద వల అల్లినట్టు మచ్చలు తేలాయి. కాలేంత వేడి అక్కర్లేదు, రోజూ తగిలే సెగే చాలు. కింద ఒక చెక్కపీట పెట్టుకోండి, పాత రుబ్బురోలు పీటైనా సరే.

ఇక షాపుకి ఎప్పుడు వెళ్ళాలంటారా? టాస్క్ మేనేజర్‌లో సి.పి.యు. అయిదారు శాతం మించకుండా ఉండి, అయినా యంత్రం మండుతూంటే అప్పుడు తప్పు ప్రోగ్రాములది కాదు. ఫ్యానులో దుమ్ము చేరి ఉంటుంది, లేదా ప్రాసెసర్ మీద పూసే పేస్టు ఎండిపోయి ఉంటుంది. దుమ్ము దులిపి, పేస్టు మార్చమని నోరు తెరిచి అడగండి, మీ ఎదురుగానే చెయ్యమనండి. మదర్‌బోర్డు మాట ఎత్తితే, ముందు ఆ రెండూ చేసి చూశాక మాట్లాడదామనండి. అడుగు భాగం ఉబ్బినట్టో, మూత సరిగ్గా పడనట్టో కనిపిస్తే మాత్రం ఒక్క పూట కూడా ఆగద్దు. అది బ్యాటరీ ఉబ్బడం. చార్జింగు తీసేసి, నొక్కకుండా, పొడవకుండా అదే రోజు తీసుకెళ్ళి బ్యాటరీ మార్పించండి.