తొలి ఉద్యోగము: రెండు పిలుపు లొక్కసారి వచ్చినప్పుడు

ఉద్యోగము పురుషలక్షణమను మాటను మనము తరచుగా వినుచుందుము. సంస్కృతమున ఉద్యోగమనగా ప్రయత్నము. తెలుగున నది జీతమునకు జేయు కొలువను నర్థమున స్థిరపడినది. ప్రయత్నములు పది చేయవచ్చును, చేయవలయును గూడ. కొలువు మాత్ర మొక్కటియే చేయగలము. పది ప్రయత్నములలో రెండు ఒక్కసారి ఫలించినచో నేమి చేయవలయునో మన పాఠ్యపుస్తకములలో నెక్కడను లేదు. అందుచేత ఈ సంచికయందు ఆ విషయమును గూర్చి వ్రాయ సంకల్పించితిమి. పై తరగతుల విద్యార్థులకును, చదువు ముగించి బయటికి వెళ్లిన పూర్వవిద్యార్థినీ విద్యార్థులకును ఇది కొంత యుపకరించునని మా నమ్మకము.

గడచిన వేసవిలో పూర్వవిద్యార్థి యొకడు రెండు కాగితములు చేతబట్టుకొని మా యింటికి వచ్చెను. ఒకటి హైదరాబాదులోని యొక కంపెనీ యిచ్చిన ఆఫరు లెటరు. ఐదు దినములలో సమ్మతి తెలుపవలయునని యందున్నది. రెండవది బ్యాంకు గుమాస్తా పరీక్షాఫలితము. ఒక బ్యాంకునకు తాత్కాలికముగా కేటాయించినట్లు అందు గలదు. తండ్రి చేతిలోని దానిని విడువవద్దనుచున్నాడట. మేనమామ బ్యాంకు వచ్చువరకు ఆగుమనుచున్నాడట. “మాస్టారూ, ఇప్పటికి రెండింటికిని సరేనని వ్రాసి, తరువాత నొకదానిని మానివేసిన దోషమేమి?” అని యత డడిగెను. ఆ ప్రశ్న మమ్ము గ్రుచ్చుకొనెను. ఎందులకో చివర జెప్పుదుము.

రెండు పిలుపు లొక్కసారి వచ్చుట వింత కాదు. కంపెనీలు కళాశాలలకు నాలుగవ సంవత్సరముననే వచ్చి యెంపిక చేసుకొనును. చేర్చుకొనుట చదువు ముగిసిన పిమ్మట. 2022లో నెంపికైన పట్టభద్రులు కొందరు చేరవలసిన తేదీకై యేడాదికి పైగా వేచియుండిరి. బ్యాంకు పరీక్షయందు మొదటి పరీక్ష, ముఖ్యపరీక్ష, కేటాయింపు, సర్టిఫికెట్ల పరిశీలన, నియామకపుటుత్తరువు అని యిన్ని మెట్లున్నవి; వాని నడుమ నెలలు గడచును. ఇట్లు నిదానముగా నడచు బండ్లు రెండు ఒక్క కూడలికి ఒకేసారి వచ్చి చేరును. తొలిసారి ఉద్యోగము వెదకువారు దీనిని అదృష్టమనియో ఆపదయనియో తలంతురు. ఇది కేవలము తేదీల కలయిక.

మొట్టమొదట చేయవలసినది కాగితముల విలువ తెలిసికొనుట. ఇంటర్వ్యూలో “మీరు మాకు నచ్చినారు” అనుట మాట మాత్రమే. తాత్కాలికపు జాబితాలో పేరుండుట మంచి యాశ. అది యుద్యోగము కాదు. ఆఫరు లెటరు షరతులతో గూడిన పిలుపు. నియామకపుటుత్తరువు కొలువును నిర్ధారించు కాగితము. చేతికి వచ్చినదేది, వచ్చునని తోచుచున్న దేది యని రెండు గళ్లుగా గీచి వ్రాసికొనుడు. పోలిక యా పిమ్మటనే.

పోల్చునప్పుడు జీతపు లెక్కయందు మోసపోరాదు. ఏడాదికి 3,60,000 రూపాయలని వ్రాసియుండుట చూచి, పండ్రెండుచే భాగించి, నెలకు 30,000 చేతికి వచ్చుననుకొందురు. ఆ మొత్తములో యజమాని ప్రావిడెంటు ఫండునకు కట్టు భాగమును, గ్రాట్యుటీకై ప్రక్కనుంచు సొమ్మును గూడ సాధారణముగా చేరియుండును. మూలవేతనము 15,000 అయినచో నూటికి 12 చొప్పున యజమాని వంతు 1,800, ఉద్యోగి వంతు మరల 1,800, గ్రాట్యుటీకి సుమారు 720, వృత్తిపన్ను 200. ఇవి పోగా మిగులునది సుమారు 25,500. ఇందులో పనితీరునుబట్టి యిచ్చు భాగ మేదైన నున్నచో నది ప్రతినెల రాకపోవచ్చును. అటుపిమ్మట పట్టణములో గది యద్దెయు భోజనమును తీసివేయవలయును. బ్యాంకు గుమాస్తాకు 2024 నాటి యొప్పందము ప్రకారము మూలవేతనము 24,050 రూపాయలతో ప్రారంభమగును. దానిపై కరవు భత్యమును ఇంటియద్దె భత్యమును చేరును. ఈ లెక్క వ్రాయించినప్పుడు మా విద్యార్థి ముఖము మారిపోయెను. పెద్దదనుకొన్న యంకె చిన్నదాయెను.

జీతముతోబాటు మరి నాలుగు సంగతు లడుగవలయును. ప్రొబేషను కాల మెంత? మానవలసివచ్చిన నెన్ని దినములు ముందుగా నోటీసీయవలయును? బాండు కలదా? పని యెచ్చట, ఎవరి చేతిక్రింద? వీనికి సమాధానము వ్రాతలో నుండవలయును. అసలు సర్టిఫికెట్లను తాకట్టువలె నుంచుకొందుమని యెవ్వరైన ననినచో నంగీకరింపరాదు. చూపి, నకలిచ్చి, అసలును వెంటనే తీసికొనవలయును.

ఇక నిర్ణయమునకు గడువు చాలనప్పు డేమి చేయుట? అడుగుట. మనవారు దీనికి సంకోచింతురు; అడిగినచో వచ్చినదియు పోవునని భయపడుదురు. మర్యాదగా, తేదీ చెప్పి, ఒక్కసారి యడిగిన వానిని తప్పుపట్టు యజమానులు తక్కువ. మేము ఆ యబ్బాయిచేత వ్రాయించిన జాబు ఇట్టిది:

“అయ్యా, మీ సంస్థయందు నాకు స్థాన మిచ్చినందులకు కృతజ్ఞుడను. ఇంకొక యెంపికకు సంబంధించిన సమాచారము నాకు రావలసియున్నది. కావున నా నిర్ణయమును ఈ నెల 21వ తేదీ సాయంకాలములోగా వ్రాతమూలముగా దెలుపుటకు అనుమతింప బ్రార్థించుచున్నాను. చిత్తగింపుడు.”

ఇందు జబ్బుచేసినదను అబద్ధము లేదు. ఎక్కువ జీతమునకై బేరమును లేదు. గడు వీయము పొమ్మనినచో, అప్పటికి తెలిసినదానితోనే నిర్ణయింపవలయును. అట్టి సమయమున నొక ప్రశ్న మేలు చేయును: రెండవది రాకపోయినచో మా యింటివారు నన్నెన్ని నెలలు భరింపగలరు? అప్పుతో నున్న యింటికిని, రెండు పంటల ధాన్యము నిలువయున్న యింటికిని సమాధాన మొకటి కాదు. ఈ ప్రశ్నకు ఉపాధ్యాయుడు గాని మేనమామ గాని బదులు చెప్పజాలడు.

సమ్మతి తెలిపిన తరువాత మరియొక మేలైన పిలుపు వచ్చినచో? చేరకముందే యైన, తెలిసిన దినముననే వ్రాతమూలముగా దెలిపి క్షమాపణ కోరవలయును. చేరినపిమ్మట నైనచో రాజీనామా యిచ్చి, నోటీసుకాలము పనిచేసి, విడుదలపత్రము తీసికొని వెళ్లవలయును. బాండు వ్రాసినవారు దానిని తేలికగా దలపరాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టములోని 74వ సెక్షను ప్రకారము, ఒడంబడిక తప్పినవాడు అందు వ్రాసిన మొత్తమునకు మించకుండ న్యాయమైన పరిహార మీయవలసియుండును. మూడేండ్లు పనిచేయకయే వేరొక బ్యాంకునకు వెళ్లిన ప్రభుత్వరంగ బ్యాంకు అధికారి విషయమున, 2 లక్షల రూపాయలు కట్టవలయునను షరతు చెల్లునని సుప్రీముకోర్టు 2025 మే నెలలో తీర్పు చెప్పెను. ఒకచోట మానకయే రెండవచోట చేరుదమనుకొనుటయు వ్యర్థమే. ప్రావిడెంటు ఫండు సంఖ్య 2014 నుండి ఉద్యోగి యెన్ని చోట్లకు మారినను ఒక్కటియే. రెండు కొలువులు ఆ లెక్కలలో బయటపడును.

చట్టము సంగతి యట్లుండగా, వదలిన స్థాన మేమగును? ఈ ప్రశ్నను చాలమంది యడుగరు. 2023లో తెలంగాణ గురుకుల విద్యాలయములలో 9,000కు పైగా ఉద్యోగములకు ప్రకటనలు వెలువడినవి. ఒక్కొక్క అభ్యర్థి రెండు మూడు ఉద్యోగములకు ఎన్నికగుటయు, ఒకదానిలో చేరి తక్కినవి విడుచుటయు సంభవించెను. ఆ విధముగా కొన్ని స్థానములు ఖాళీగా మిగిలిపోగా, జాబితాలో తరువాత నున్నవారు తమ కీయుడని మొరపెట్టుకొనిరి. ఆంధ్రప్రదేశమున 2025లో 16,347 ఉపాధ్యాయ స్థానములకు జరిగిన మెగా డీఎస్సీయందు, ఏ యుద్యోగము ముందు కోరుదురో ఆ వరుసను దరఖాస్తులోనే వ్రాయించుకొనిరి. ప్రభుత్వము నియమము పెట్టినచోట నియమ ముండును. నియమము లేనిచోట మన జాబొక్కటియే యా పని చేయవలయును. మనము వలదన్న స్థాన మొక రోజు ముందు ఖాళీయని తెలిసిన, ఎవరి యింటనో ఒక రోజు ముందు దీపము వెలుగును.

ఇక మా మాట. సుమారు ఇరువదియేండ్ల క్రిందట శిక్షణ ముగించి బయటికి వచ్చిన క్రొత్తలో, ఒక పట్టణమునందలి ప్రయివేటు పాఠశాలలో జూను నెలలో చేరితిమి. మూడు వారములకు మరియొక పాఠశాలనుండి ఉత్తరువు వచ్చెను. చెప్పినచో పోనీయరేమో యను భయముచే, ఎవ్వరికిని చెప్పక, ఆదివారము నాడు పెట్టె సర్దుకొని బస్సెక్కితిమి. వారు ఫోను చేసినను తీయలేదు. గొప్ప తెలివి చూపితిమనుకొంటిమి. చాల యేండ్లకు ఒక మందుల దుకాణములో లెక్క వ్రాయు యువకుడు మమ్ము గుర్తుపట్టి నమస్కరించెను. “మాస్టారూ, మీరు వెళ్లిన తరువాత దసరా వరకు మాకు లెక్కలు చెప్పువారు లేకపోయిరి. భిన్నములు నాకు ఇప్పటికిని రావు” అని నవ్వుచు జెప్పెను. అతడు నవ్వెను గాని మేము నవ్వలేకపోతిమి. ఉద్యోగము మారుట మా తప్పు కాదు. ఒక్క జాబు వ్రాయకపోవుట మా తప్పు.

అందుచేత ఆ యబ్బాయికి ఈ కథయంతయు జెప్పితిమి. కంపెనీవారు అడిగిన గడువులో సగ మిచ్చిరి. అతడు తండ్రితో గూర్చుండి లెక్క చూచుకొని, మూడు నెలలు వేచియుండగలమని తేల్చుకొని, గడువునకు ఒక దినము ముందే కంపెనీవారికి కృతజ్ఞతతో నిరాకరణము వ్రాసెను. బ్యాంకు ఉత్తరువు రెండు నెలలకు వచ్చెను. రాకపోయినచో అతడు కొంత కష్టపడియుండును. కాని యెవ్వరికిని తల వంచుకొనవలసిన పని యుండెడిది కాదు.

విద్యార్థులారా! నిదానమే ప్రధానమనియు, ఆలస్యము అమృతమును విషము చేయుననియు మన పెద్దలు రెండు మాటలు చెప్పిరి. ఈ విషయమున రెండును నిజమే. సరేయను మాట చెప్పుటకు ముందు మొదటిదానిని, కాదను మాట చెప్పవలసివచ్చినప్పుడు రెండవదానిని జ్ఞాపకముంచుకొనుడు.