రైతు అడిగింది రాజేంద్రనగర్‌కు వినిపిస్తోందా?

ఆర్‌ఎన్‌ఆర్ 15048. ఈ వరి రకం పేరులోని మూడక్షరాలూ రాజేంద్రనగర్‌వే. జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం 2015లో విడుదల చేసిన ఈ సన్నరకానికి తెలంగాణ సోనా అని పేరు పెట్టారు. సుమారు 125 రోజుల్లో పంట చేతికొస్తుంది, అగ్గి తెగులును తట్టుకుంటుంది. తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే గ్లైసీమిక్ ఇండెక్స్ తక్కువని తెలిశాక జనం దానికి ఇంకో పేరు పెట్టుకున్నారు, షుగర్ రైస్ అని. విత్తనం కావలసిన రైతు నంబరు కొట్టి వెతుకుతాడు. బియ్యం కావలసిన షుగర్ పేషెంటు షుగర్ పేరుతో వెతుకుతాడు. ఇద్దరూ అడుగుతున్నది ఒకే పంట గురించి. ఆ సంగతి పంటను పుట్టించిన ఊరికి చేరవేసే సాధనం ఒకటుంది. అదే గూగుల్ సెర్చ్ కన్సోల్.

2005లో సైట్‌మ్యాప్స్‌గా మొదలై, మరుసటి ఏడాది వెబ్‌మాస్టర్ టూల్స్ అయి, 2015లో ఇప్పటి పేరు తెచ్చుకుంది. పైసా ఖర్చు లేదు. వెబ్‌సైట్ మనదేనని రుజువు చేసుకుంటే చాలు, గూగుల్‌లో జనం ఏ మాటలు కొడితే మన పేజీ కనిపించిందో, ఎందరు దాన్ని తెరిచారో చూపిస్తుంది. అడిగినవాళ్లు ఎవరన్నది మాత్రం చెప్పదు. అతి కొద్దిమందే అడిగిన ప్రశ్నలను దాచేస్తుంది కూడా. అలా దాచడం సబబే.

ఆరాంఘర్ చౌరస్తా నుంచి శంషాబాద్ విమానాశ్రయం వైపు రోజూ పరుగెత్తే వేల కార్లకు రాజేంద్రనగర్ ఒక దాటేసే చోటు. కానీ వరి, చిరుధాన్యాలు, నూనెగింజల జాతీయ పరిశోధన సంస్థలు ఇక్కడే ఉన్నాయి. వ్యవసాయ విశ్వవిద్యాలయం, వ్యవసాయ పరిశోధన, విస్తరణ నిర్వహణ సంస్థలైన నార్మ్, మేనేజ్, జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ కూడా ఇక్కడివే. సాగు గురించి ఇంత తెలిసినవాళ్లు ఒకేచోట ఉన్న ప్రాంతాలు దేశంలో తక్కువ. వీళ్లకు తెలిసింది సెల్‌ఫోన్ పట్టుకుని గట్టు మీద నిలబడ్డ మనిషికి అందుతోందా లేదా అన్నదే ప్రశ్న.

సెర్చ్ కన్సోల్‌లో ‘పెర్ఫార్మెన్స్’ నివేదిక తెరిస్తే నాలుగు అంకెలు కనిపిస్తాయి. మన పేజీ ఎన్నిసార్లు ఫలితాల్లో కనిపించిందో చెప్పేవి ఇంప్రెషన్లు. ఎన్నిసార్లు నొక్కారో చెప్పేవి క్లిక్కులు. ఈ రెండింటి నిష్పత్తి సీటీఆర్. నాలుగోది ఫలితాల్లో మన సగటు స్థానం. వాటి కిందే జనం కొట్టిన మాటల పట్టిక ఉంటుంది. అసలు చదవాల్సింది దాన్నే. ‘సుడిదోమకు మందు’ అన్న మాటకు ఒక పేజీ వెయ్యిసార్లు కనిపించి, పదిసార్లే తెరుచుకుందనుకుందాం. సీటీఆర్ 1 శాతం. సగటు స్థానం ఆరు. అంటే గూగుల్ ఆ పేజీని మొదటి పదింటిలోనే చూపిస్తోంది, రైతే దాటేసి పోతున్నాడు. ఎందుకని ఆ పేజీ శీర్షిక చూస్తే ‘సలహా బులెటిన్ 14’ అని ఉంటుంది. దోమ పొలాన్ని సుడులు సుడులుగా ఎండబెట్టేస్తున్న వేళ ఆ శీర్షికను ఎవరు నొక్కుతారు? శీర్షికలో సుడిదోమ పేరు, పైరు ఏ దశలో ఉంటే ఏం చేయాలో తెలిపే రెండు మాటలు రాస్తే తెరిచేవాళ్లు పెరుగుతారు.

అసలు ఇంప్రెషన్లే లేని పేజీల సంగతి వేరు. తెలుగులో ఏళ్ల తరబడి కరపత్రాలు, పుస్తకాలు యూనికోడ్ కాని అను ఫాంట్లలో కంపోజ్ అయ్యాయి. కంటికి చక్కటి తెలుగే. కానీ వాటి పీడీఎఫ్‌లోంచి ఒక వాక్యం కాపీ చేసి వేరేచోట పెడితే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు వస్తాయి. సెర్చ్ ఇంజన్‌కు అందేదీ అదే. శాస్త్రవేత్త ఏళ్ల శ్రమతో తేల్చిన విషయం వెతికేవాడికి లేనట్టే అయిపోతుంది. ఇది నాకు బాధ కలిగించే విషయం, ఎందుకంటే మందు అంగడివాడి సలహా ఒక్కటే దొరికే చోట రైతు జేబుకు చిల్లు పడుతుంది. ఆ పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చి మామూలు వెబ్‌పేజీగా పెట్టాలి. ‘కాండం తొలుచు పురుగు’ అని రాసినచోట ‘మొగి పురుగు’ అనీ రాయాలి. పొలంలో వినిపించే పేరు అదే, పట్టికలోనూ అదే కనిపిస్తుంది. తెలుగు మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టేవాళ్లూ అక్కడే తేలుతారు.

ఈ పరిశోధన సంస్థలకు ఇంకో చిక్కుంది. వీటికి పేర్లు మారాయి. వరి పరిశోధన డైరెక్టరేట్ భారతీయ వరి పరిశోధన సంస్థ అయింది. జొన్న పరిశోధన సంస్థే పేర్లు మార్చుకుంటూ చిరుధాన్యాల సంస్థగా ఎదిగింది. రాష్ట్ర విభజనతో 2014లో రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి జయశంకర్ విశ్వవిద్యాలయం పుట్టింది. ఏ సంస్థకైనా పేరుతోపాటు వెబ్ చిరునామా మారితే పాత లింకు నొక్కినవాళ్లను కొత్త పేజీకి తీసుకెళ్లే ఏర్పాటు కనీసం ఏడాదిపాటు ఉండాలి. లేకుంటే పాత పేజీ ఏళ్లుగా సంపాదించుకున్న స్థానం పోతుంది. అలా పోయిన పేజీలు ‘పేజ్ ఇండెక్సింగ్’ నివేదికలో కారణంతో సహా కనిపిస్తాయి.

‘పెర్ఫార్మెన్స్’ నివేదికలో 16 నెలల వెనకటి దాకా లెక్కలు ఉంటాయి. సేద్యానికి ఇది వరం. నిరుడు సెప్టెంబరు, అక్టోబరుల్లో సుడిదోమ గురించి ఏం అడిగారో, యాసంగి చలి రాత్రుల్లో అగ్గి తెగులు గురించి ఏ వారంలో ప్రశ్నలు పెరిగాయో ఈ ఏడాదితో పోల్చి చూడొచ్చు. కొత్త పేజీ గూగుల్‌కు చేరడానికి కొన్ని రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. తెగులు వచ్చాక రాసిన సలహా తెగులు తగ్గాక కనిపిస్తే ఎవరికి లాభం?

చాలాచోట్ల సెర్చ్ కన్సోల్ ఖాతా సైట్ తయారుచేసిన ఏజెన్సీ మనిషి సొంత మెయిల్ మీద ఉంటుంది. కాంట్రాక్టు ముగిస్తే తాళంచెవి ఆయనతోనే పోతుంది. యాజమాన్యం సంస్థ పేరనే ఉండాలి. మార్పులు చేసే వీలు లేకుండా చూడటానికి మాత్రమే అనుమతి ఇచ్చే పద్ధతి అందులోనే ఉంది. ఆ అనుమతి కీటక శాస్త్రవేత్తకు, విస్తరణ విభాగానికి, జిల్లాల్లోని ఏరువాక కేంద్రాలకు ఇవ్వాలి. క్లిక్కుల లెక్క ఐటీ విభాగం చూసుకుంటుంది. కానీ ‘వరి ఆకులు ఎర్రబడుతున్నాయి’ అన్న ప్రశ్న ఒక్క వారంలో పదింతలైతే అది ఏ లోపమో, ఏ తెగులో పోల్చుకోగలిగేది వాళ్లే. వానాకాలం నార్లు పోయకముందే నిరుటి పట్టిక వాళ్ల ముందుంటే, ఏ పేజీలు ముందుగా సరిదిద్దాలో జూన్ నెలలోనే తేలిపోతుంది.