కారులో నావిగేషన్‌కి ఫోన్ సరిపోతుందా, వేరే జీపీఎస్ కొనాలా?

కొత్తగా కారు కొన్న ఫ్రెండ్స్ నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "కారుకి మంచి జీపీఎస్ ఏది తీసుకోవాలి?" నేను తిరిగి ఇంకో ప్రశ్న వేస్తాను: "ఇప్పుడున్న ఫోన్‌తో ఇబ్బంది ఏంటి?" ఎక్కువమంది చెప్పేది ఒకటే. "సిటీ దాటి ఘాట్ ఎక్కాక సిగ్నల్ పోతుంది, సిగ్నల్ పోతే జీపీఎస్ పనిచెయ్యదు కదా!"

అసలు చిక్కు ఇక్కడే ఉంది. సెల్ సిగ్నల్ పోతే జీపీఎస్ పోదు. పోయేది మ్యాప్. ఈ తేడా తెలియక కొందరు అవసరం లేని డివైజ్‌ మీద వేలకు వేలు పెడతారు. ఇంకొందరు ఏమీ సిద్ధం చేసుకోకుండా అడవి దారి పట్టి, ఖాళీ స్క్రీన్ మీద నీలం చుక్క ఒక్కటే కదులుతుంటే చూస్తూ కూర్చుంటారు. అందుకే ఏది కొనాలో చెప్పేముందు ఇది ఎలా పనిచేస్తుందో కాస్త చూద్దాం.

జీపీఎస్ వేరు, మ్యాప్ వేరు

జీపీఎస్ అనేది అమెరికా నడిపే శాటిలైట్ల వ్యవస్థ. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఈ శాటిలైట్లు "నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు టైం ఇంత" అని ఆపకుండా ప్రసారం చేస్తుంటాయి. మీ ఫోన్ చేసే పని రేడియో లాగా వినడమే. పైకి ఏమీ పంపదు. ఒక్కో సిగ్నల్ వచ్చి చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి ఆ శాటిలైట్ ఎంత దూరంలో ఉందో లెక్కగట్టి, దాన్నుంచి మనం ఎక్కడున్నామో తేలుస్తుంది. దానికి కనీసం నాలుగు శాటిలైట్లు కావాలి. స్థానం కోసం మూడు సరిపోతాయి గానీ, శాటిలైట్లో ఉన్నంత కచ్చితమైన అటామిక్ గడియారం మన ఫోన్లో ఉండదు. ఆ టైం తేడాని సరిచేసుకోవడానికి నాలుగోది.

ఇందులో ఎక్కడా సిమ్ అవసరం రాలేదు, డేటా అవసరం రాలేదు, గమనించారా? నమ్మకం కుదరకపోతే ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, లొకేషన్ మాత్రం ఆన్‌లో ఉంచి, బైక్ మీద వీధి చివరిదాకా ఎవరినైనా వెనక కూర్చోబెట్టుకుని వెళ్లిరండి. వెనకున్నవాళ్ల చేతిలో నీలం చుక్క చక్కగా కదులుతుంది.

మరి ఇంటర్నెట్ ఎందుకు? రెండు పనులకి. మొదటిది స్పీడ్. శాటిలైట్ తన కక్ష్య వివరాలని సెకనుకి 50 బిట్ల వేగంతో పంపుతుంది. అవును, 50 బిట్లే! ఆ వివరాలు పూర్తిగా వినాలంటే ఆకాశం బాగా కనిపిస్తున్నా అర నిమిషం దాకా పడుతుంది. డేటా ఉంటే ఫోన్ అదే సమాచారాన్ని నెట్‌లో తెచ్చుకుని కొన్ని సెకన్లలో చుక్క పెట్టేస్తుంది. దీన్నే ఏ-జీపీఎస్ అంటారు. రెండోది మ్యాప్. రోడ్ల బొమ్మ, ఊళ్ల పేర్లు, ట్రాఫిక్, ఏ దారి దగ్గర అన్న లెక్క, ఇవన్నీ మామూలుగా సర్వర్ నుంచే వస్తాయి. సిగ్నల్ లేని చోట ఆగిపోయేది ఇదే.

కాబట్టి ఏ డివైజ్‌ కొన్నా అడగాల్సిన మొదటి ప్రశ్న "దీంట్లో జీపీఎస్ ఉందా?" అని కాదు. "దీని మ్యాప్ ఎక్కడుంది, లోపలా, నెట్‌లోనా?" అని.

మార్కెట్లో ఏమేం ఉన్నాయి

ముందు ఒక జాగ్రత్త. ఆన్‌లైన్ షాపుల్లో "కార్ జీపీఎస్" అని వెతికితే వచ్చేవాటిలో చాలావరకు ట్రాకర్లు. అవి మీకు దారి చూపవు. లోపల సిమ్ వేసుకుని, కారు ఎక్కడుందో మీ ఫోన్‌కి చెప్తాయి. దొంగల భయానికి మంచివే, నావిగేషన్‌కి పనికిరావు. స్క్రీన్ లేదంటే అది ట్రాకరే అనుకోండి.

నావిగేషన్ కోసమే తయారైన డివైజ్‌లు ఒకప్పుడు మన దగ్గర కూడా బాగానే కనిపించేవి. గార్మిన్ నూవీ, మ్యాప్‌మైఇండియా వాళ్లవి, ముందు అద్దానికి రబ్బరు కప్పుతో అంటించుకునేవి. మ్యాప్ మొత్తం లోపలే ఉండేది కాబట్టి అడవిలోనూ ఆగవు, మధ్యలో కాల్ వచ్చి స్క్రీన్‌ని కప్పేయదు. కానీ లైవ్ ట్రాఫిక్ కోసం వాటికి వేరే ఏర్పాటు కావాలి, మ్యాప్ అప్‌డేట్ చేసుకోవడం ఒక తంతు, నిన్నగాక మొన్న తెరిచిన హోటల్ పేరు కొడితే దొరకదు. ఇప్పుడు మన రోడ్ల కోసం దీన్ని కొనమని నేనైతే ఎవరికీ చెప్పను. అది చేసే పనినే ఆఫ్‌లైన్ మ్యాప్ వేసుకున్న పాత ఫోన్ చేస్తుంది. డ్రాయర్‌లో పడున్న పాత ఆండ్రాయిడ్‌కి ఇంతకంటే మంచి రెండో జీవితం ఉండదు.

ఇక కారుతో వచ్చే పెద్ద స్క్రీన్. ఇందులో రెండు రకాలున్నాయి, షోరూంలో ఎవరూ విడమర్చి చెప్పరు. ఆండ్రాయిడ్ ఆటో, యాపిల్ కార్‌ప్లే ఉన్న స్క్రీన్ మీద కనిపించే మ్యాప్ కారుది కాదు, మీ ఫోన్‌ది. ఫోన్లో డేటా లేకపోతే, ఆఫ్‌లైన్ మ్యాప్ కూడా లేకపోతే, పది అంగుళాల స్క్రీన్ ఉన్నా లాభం లేదు. రెండో రకం, మ్యాప్ కారులోనే ఉండే బిల్ట్-ఇన్ నావిగేషన్. దీనికి ఒక సౌకర్యం ఉంటుంది. శాటిలైట్ కనిపించని సొరంగంలో కూడా చక్రాల వేగం, గైరోస్కోప్ చూసుకుని కారు ఎంత ముందుకి వెళ్లిందో అంచనా వేయగలదు. మ్యాప్ అప్‌డేట్ ఎలా వస్తుంది, ఎన్నేళ్లు ఫ్రీ అన్నది మాత్రం కొనేముందే కాగితం మీద చూసుకోండి.

మూడోది బయట బిగించుకునే ఆండ్రాయిడ్ స్టీరియో. వీటిలో ర్యామ్ ఎంత, స్క్రీన్ ఎంత అని అందరూ చూస్తారు. నావిగేషన్‌కి అసలు ముఖ్యం, దాంతోపాటు వైర్ చివర వచ్చే అగ్గిపెట్టెంత జీపీఎస్ యాంటెన్నా. దాన్ని స్టీరియో వెనక లోహపు ఫ్రేమ్ పక్కన కుక్కేస్తే చుక్క గంతులేస్తుంది. డాష్‌బోర్డ్ పైన, ముందు అద్దం కింద, ఆకాశం కనిపించేచోట అంటించమని బిగించేవాళ్లకి ముందే చెప్పండి. కొన్ని కార్లలో వేడి ఆపడానికి అద్దం మీద లోహపు పూత ఉంటుంది. అది శాటిలైట్ సిగ్నల్‌ని కూడా అడ్డుకుంటుంది. అలాంటి అద్దం అయితే పూత లేని చిన్న భాగం ఎక్కడుందో కారు మాన్యువల్‌లో చూసి అక్కడ పెట్టించాలి.

ఫోనే వాడేట్టయితే

చాలామందికి ఇదే సరిపోతుంది. అయితే అన్ని ఫోన్లూ ఒకటి కాదు. స్పెసిఫికేషన్లలో ఎల్1తో పాటు ఎల్5 అని ఉందేమో చూడండి. అదే డ్యూయల్ ఫ్రీక్వెన్సీ. 2018లో షావోమీ ఎంఐ 8తో ఇది ఫోన్లలోకి వచ్చింది. హైటెక్ సిటీలో అద్దాల బిల్డింగుల మధ్య చుక్క పక్కరోడ్డు మీదకి దూకడం చూసే ఉంటారు. శాటిలైట్ సిగ్నల్ గోడలకి తగిలి, చుట్టు తిరిగి ఫోన్‌ని చేరడం వల్ల వచ్చే తేడా అది. ఎల్5 సిగ్నల్ ఇలాంటి చోట అసలుదేదో, తగిలి వచ్చిందేదో బాగా విడదీయగలదు. మన ఇస్రో వాళ్ల నావిక్ కూడా ఎల్5 మీదే వస్తుంది. ఫోన్ జీపీఎస్‌తో పాటు గ్లోనాస్, గెలీలియో, బైడూ, నావిక్‌లలో తను వినగలిగినవాటన్నిటినీ కలిపే వింటుంది కాబట్టి "జీపీఎస్ మంచిదా, నావిక్ మంచిదా" అన్న గొడవ అక్కర్లేదు. ఎన్ని ఎక్కువ వినిపిస్తే అంత మంచిది. జీపీఎస్‌టెస్ట్ లాంటి ఫ్రీ యాప్ వేసుకుంటే ఏ శాటిలైట్ ఎంత బలంగా వినిపిస్తోందో కనిపిస్తుంది. బయట నిలబడి ఒకసారి, కారులో హోల్డర్‌లో పెట్టి ఒకసారి చూడండి. రెంటికీ మధ్య పెద్ద తేడా ఉంటే హోల్డర్ చోటు మార్చాలి.

చోటు అనగానే ఎండ సంగతి. మే నెలలో ఫోన్‌ని డాష్‌బోర్డ్ మీద ఎండలో పెట్టి, ఫుల్ బ్రైట్‌నెస్‌లో నావిగేషన్ నడుపుతూ, పైగా ఛార్జింగ్ పెడితే వేడికి స్క్రీన్ దానంతటదే మసకబారుతుంది, ఛార్జింగ్ ఆగిపోతుంది. ఐఫోన్‌ని 35 డిగ్రీల లోపు వాతావరణంలోనే వాడమని యాపిల్ చెబుతోంది. మన ఎండాకాలంలో అది పొద్దున్నే దాటిపోతుంది. నా ఓటు ఏసీ వెంట్‌కి తగిలించే హోల్డర్‌కే. చల్లగాలి నేరుగా వీపుకి తగులుతుంది. చలికాలంలో హీటర్ వేసినప్పుడు మాత్రం ఆ వెంట్ మూసెయ్యండి. ఛార్జింగ్ కోసం పాత స్టీరియో మీదున్న యూఎస్‌బీ పోర్ట్‌ని నమ్ముకోకండి. వాటిలో చాలా వరకు అర ఆంపియర్ దగ్గరే ఆగిపోతాయి, ఫోన్ తాగేదానికంటే తక్కువ ఇస్తాయి. సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే ఫాస్ట్ ఛార్జర్ తీసుకోండి.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. నడుపుతూ ఫోన్‌ని దారి చూసుకోవడానికి మాత్రమే, అదీ డ్రైవర్ ఏకాగ్రత చెదరకుండా వాడొచ్చని 2020లో కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో చేర్చారు. అంటే హోల్డర్‌లో పెట్టి వాయిస్ వినడం వేరు, ఒళ్లో పెట్టుకుని వేలితో జూమ్ చెయ్యడం వేరు.

శ్రీశైలం దారిలో

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లేవాళ్లకి ఇదంతా మన్ననూరు దాటాక అర్థమవుతుంది. అక్కడి నుంచి దోమలపెంట దాకా నల్లమల అడవి, దారిలో చాలాచోట్ల నెట్‌వర్క్ ఉండదు. ఇలాంటి ట్రిప్‌కి ముందురోజు రాత్రి వైఫైలో గూగుల్ మ్యాప్స్‌లో ఆ ప్రాంతం మొత్తం డౌన్‌లోడ్ చేస్తాను. దారి ఒక్కటే కాదు, అటూ ఇటూ యాభై కిలోమీటర్లు కలిపి పెద్ద చతురస్రం. దారి తప్పితే వెళ్లేది ఆ పక్కకే కదా! తోడుగా ఆర్గానిక్ మ్యాప్స్ కూడా ఉంచుతాను. అది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద నడుస్తుంది, మొదటి నుంచీ ఆఫ్‌లైన్ కోసమే చేసిన యాప్. ఆఫ్‌లైన్‌లో డ్రైవింగ్ దారి, వాయిస్ వస్తాయి గానీ ట్రాఫిక్ రాదు, వేరే దారుల పోలిక రాదు. డౌన్‌లోడ్ చేసిన మ్యాప్‌కి గడువు కూడా ఉంటుంది, పాతబడితే అప్‌డేట్ అడుగుతుంది. అన్నిటికంటే ముఖ్యం, సిగ్నల్ ఉండగానే నావిగేషన్ స్టార్ట్ చెయ్యడం.

ఊరి పేరు కొట్టేటప్పుడు ఒక్క క్షణం ఆగండి. మన రెండు రాష్ట్రాల్లో కొత్తపేటలు, కొత్తపల్లులు, రామాపురాలు ఎన్ని ఉన్నాయో లెక్కలేదు. కోనసీమ కొత్తపేట అనుకుని నొక్కితే దిల్‌సుఖ్‌నగర్ పక్కన కొత్తపేట రావొచ్చు. మండలం, జిల్లా కలిపి కొట్టండి. ఇంకా మంచిది, వెళ్లే ఇంటివాళ్లనే లొకేషన్ పంపమని అడగండి.

ఎంత మంచి డివైజ్‌ అయినా చెప్పలేనివి కొన్ని ఉంటాయి. ఆ శ్రీశైలం దారినే తీసుకోండి. పులుల అభయారణ్యం కాబట్టి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా ఫారెస్ట్ చెక్‌పోస్టు గేట్లు మూసేస్తారు. మ్యాప్‌లో రోడ్డు మాత్రం రాత్రిపూట కూడా నీలం గీతలాగే ఉంటుంది. చేరే టైం 10 అని చూపిస్తుంటే, మధ్యలో గేటు ఏ టైంకి దాటుతారో మీరే లెక్కేసుకోవాలి.

గేటు అయితే తెల్లారేదాకా ఆగితే సరిపోతుంది. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ జిల్లాలో రామగంగ నది మీద, కొంత భాగం వరదకి కొట్టుకుపోయిన వంతెన పైనుంచి కారు పడి ముగ్గురు చనిపోయారు. నావిగేషన్ చూపిన దారిలోనే వెళ్తున్నారని వార్తలొచ్చాయి. అక్కడ శాటిలైట్ లెక్క తప్పలేదు, కారు ఎక్కడుందో ఫోన్‌కి తెలుసు. వంతెన లేదన్న సంగతి మ్యాప్‌కి తెలియదు. రోడ్డు మూసి ఉంటే అడ్డం పెట్టాల్సిన బాధ్యత అధికారులది, నిజమే. కానీ చీకట్లో స్టీరింగ్ పట్టుకున్నది మనం. ఎదురుగా ఒక్క బండీ రావట్లేదు, రోడ్డు సన్నబడుతోంది అంటే యాప్ ఏం చెప్పినా నేను ఆపి, అక్కడున్నవాళ్లని అడుగుతాను.

సిటీలో సమస్య ఇంత ప్రమాదం కాదు గానీ చిరాకు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వెళ్లే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే 11 కిలోమీటర్లకి పైగా ఉంటుంది, కింద ఇంకో రోడ్డు. శాటిలైట్ లెక్కలో ఎత్తు ఎప్పుడూ అంత కచ్చితంగా రాదు కాబట్టి మీరు పైన ఉన్నారో కింద ఉన్నారో ఫోన్‌కి అనుమానమే. ఫ్లైఓవర్ ఎక్కాలా వద్దా అన్నది చెప్పే ఫీచర్‌ని గూగుల్ 2024లో మన నగరాలకి తెచ్చింది. అయినా ర్యాంప్ దగ్గర పడకముందే పైన పెట్టిన బోర్డు చదవడం అలవాటు చేసుకోండి.

ఇంకొకటి. ఊరికి బయల్దేరుతుంటే యాప్ హైవే వదిలేసి పొలాల మధ్య నుంచి తిప్పుతోందా? రూట్ ఆప్షన్స్ తెరిచి చూడండి. ఎప్పుడో ఎవరో "టోల్స్ వద్దు" అని నొక్కి అలాగే వదిలేసి ఉండొచ్చు.