లాకు దగ్గర ఆదివారం సాయంత్రం

పిల్లలూ! మధ్యాహ్నం విరామం గంట కొట్టగానే బడిలో కుళాయి దగ్గర ఏం జరుగుతుందో మీకు బాగా తెలుసు. రోజంతా ఆ కుళాయి దాదాపు ఖాళీగానే ఉంటుంది. ఆ పది నిమిషాల్లో మాత్రం నూరు మంది ఒక్కసారిగా వచ్చి పడతారు. ఒకటే తోపులాట! నీళ్ళు తాగకుండానే తిరిగి తరగతికి వెళ్ళిన రోజులు మీలో చాలామందికి ఉండే ఉంటాయి. సరిగ్గా ఇలాంటి చిక్కే అమెరికాలోని సియాటిల్ నగరంలో షికారు పడవలకు వస్తుంది. అక్కడి 'కుళాయి' పేరు బల్లార్డ్ లాకు.

లాకు అన్న మాట గోదావరి, కృష్ణా జిల్లాల పిల్లలకు కొత్త కాదు. సర్ ఆర్థర్ కాటన్ పూనికతో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నుంచి తవ్విన కాలువలు పొలాలకు నీరివ్వడంతో పాటు పడవలకు దారులుగా కూడా ఉపయోగపడ్డాయి. కాలువ మట్టం మారే చోట పడవను దించడానికీ ఎక్కించడానికీ లాకులు కట్టారు. రోడ్లు, లారీలు పెరిగాక ఆ పడవల ప్రయాణం తగ్గిపోయింది. లాకు అన్న పేరు మాత్రం ఊళ్ళలో నిలిచిపోయింది.

నీటి మెట్టు

నీటికి మెట్లు ఉండవు కదా! మరి ఎత్తులో ఉన్న చెరువు నుంచి పల్లంలో ఉన్న సముద్రానికి పడవ ఎలా దిగుతుంది? రెండింటికీ నడుమ ఒక పొడవాటి గది కడతారు. దానికి రెండు కొసలా పెద్ద తలుపులు ఉంటాయి. పై తలుపు తెరిచి పడవను గదిలోకి రానిచ్చి, తలుపు మూస్తారు. తరువాత అడుగున ఉన్న తూము తెరుస్తారు. గదిలోని నీరు పల్లానికి పోతుంది. నీటితో పాటే పడవా కిందికి దిగుతుంది. లోపలా బయటా మట్టాలు సమానం కాగానే కింది తలుపు తెరుస్తారు. పడవ సముద్రంలోకి సాగిపోతుంది. ఎక్కాలంటే ఇదే పని తిరగేసి చేస్తారు. ఇందులో పంపు అవసరం లేదు. నీరు పల్లమెరుగును అన్న ఒక్క సూత్రమే ఇంత పనీ చేస్తుంది.

ఈ ఆలోచన చాలా పాతది. చైనాలో 984వ సంవత్సరంలో కియావో వైయూ అనే అధికారి మహా కాలువ మీద ఇలా రెండు తలుపుల గది కట్టించాడు. అంతకు ముందు పడవలను ఏటవాలు గట్ల మీదుగా ఈడ్చేవారు. అలా ఈడ్చేటప్పుడు పడవలు పగిలిపోయేవి. ఆ సందట్లో ధాన్యం దొంగల పాలయ్యేది.

తలుపులు త్వరగా తీస్తే సరిపోదా?

బయట ఇన్ని పడవలు కాచుకుని ఉంటే, మట్టాలు సమానం అయ్యేదాకా ఆగడం ఎందుకు అని మీరు అడగవచ్చు. చిన్న లెక్క వేద్దాం. తలుపుకు రెండు వైపులా నీటి మట్టాల్లో 4 మీటర్ల తేడా ఉందనుకోండి. అప్పుడు మునిగి ఉన్న భాగంలో ప్రతి చదరపు మీటరు మీదా 4 టన్నుల బరువు పెట్టినంత ఒత్తిడి ఉంటుంది. తలుపు రెక్కలు ఎత్తు నీటి వైపు కొద్దిగా మొన తేలి, రెండు అరచేతులు ఆనించినట్టు కలుసుకుంటాయి. నీరు నెట్టిన కొద్దీ అవి మరింత గట్టిగా బిగుసుకుంటాయి. మట్టాలు సమానమైతేనే అవి కదులుతాయి.

ఇంకొక సంగతి. మట్టాల తేడా ఎక్కువగా ఉన్నప్పుడు తూములో నీరు జోరుగా పరుగెత్తుతుంది. తేడా తగ్గిన కొద్దీ జోరు తగ్గుతుంది. అందుకే గదిలో మొదటి మీటరు నీరు చకచకా నిండుతుంది, చివరి మీటరు మాత్రం నింపాదిగా నిండుతుంది. పడవవాడికి ఎంత తొందరున్నా నీటికి ఆ తొందర లేదు.

సియాటిల్ సంగతి

సియాటిల్ నగరానికి పడమట ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ, తూర్పున వాషింగ్టన్ సరస్సు ఉన్నాయి. నగరం నడుమ యూనియన్ సరస్సు ఉంది. వీటన్నిటినీ కలుపుతూ ఒక ఓడల కాలువ తవ్వారు. ఆ కాలువ పడమటి కొసన ఉన్నదే బల్లార్డ్ లాకు. 1917లో ప్రారంభించారు. దీనికి హైరమ్ చిటెండెన్ అనే సైనిక ఇంజనీరు పేరు పెట్టారు. సముద్రపు ఆటుపోట్లను బట్టి ఇక్కడ మట్టాల తేడా సుమారు 2 మీటర్ల నుంచి 8 మీటర్ల దాకా మారుతుంది.

ఇక్కడ పక్కపక్కనే రెండు గదులున్నాయి. పెద్దది 251 మీటర్ల పొడవు, 24 మీటర్ల వెడల్పు. చిన్నది 46 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. పెద్ద గదిని సగమే వాడుకోవడానికి వీలుగా మధ్యలో మరో జత తలుపులు కూడా పెట్టారు.

పడవలు చాలావరకు సరస్సుల్లోనే లంగరు వేసి ఉంటాయి. దీనికీ ఒక కారణం ఉంది. సముద్రపు నీటిలో పడవ అడుగున పెంకు పురుగులు అంటుకుని పెరుగుతాయి. మంచినీటిలో అవి బతకలేవు. కనుక ఊరి పడవలకు మంచినీటి సరస్సు మంచి కొట్టం వంటిది. వేసవిలో సెలవు రాగానే ఆ పడవలన్నీ సముద్రపు దీవుల వైపు బయలుదేరుతాయి. సెలవు ముగిసే సాయంత్రం అన్నీ ఇంటి ముఖం పడతాయి. దారి ఒక్కటే, ఆ లాకు!

రెండు గంటల రద్దీ, ఐదు గంటల బారు

ఇప్పుడు కాగితం, పెన్సిలు తీసుకోండి. మన లెక్క కోసం ఒక చిన్న లాకును ఊహించుకుందాం. అది అరగంటకు ఒకసారి 10 పడవలను పైకి ఎక్కిస్తుంది. అంటే గంటకు 20 పడవలు. ఆదివారం సాయంత్రం 4 నుంచి 6 దాకా గంటకు 35 పడవల చొప్పున వచ్చాయనుకోండి. ప్రతి గంటకూ 15 పడవలు మిగిలిపోతాయి. 6 గంటలకు బారులో 30 పడవలుంటాయి. ఆ తరువాత రద్దీ తగ్గి గంటకు 10 పడవలే వస్తున్నాయి. అయినా బారు గంటకు 10 చొప్పునే తగ్గుతుంది. అది పూర్తిగా కరిగేసరికి రాత్రి 9 అవుతుంది.

చూశారా! రద్దీ ఉన్నది రెండు గంటలు, బారు ఉన్నది ఐదు గంటలు. 6 గంటలకు వచ్చినవాడు గంటన్నర కాచుకోవాలి. మధ్యాహ్నం 3 గంటలకు వచ్చినవాడు తిన్నగా లోపలికి వెళ్ళిపోయాడు. వారం మొత్తం సగటు తీస్తే మాత్రం ఆ లాకు చాలా తీరికగా ఉన్నట్టే కనిపిస్తుంది! సగటును నమ్ముకుని ఏ దారీ కట్టరాదని దీనివల్ల తెలుస్తుంది. ఇలాంటి బారుల లెక్కలను మొదట శాస్త్రీయంగా కట్టినవాడు డెన్మార్కుకు చెందిన ఎర్లాంగ్. ఆయన టెలిఫోను కాల్స్ రద్దీ గురించి 1909లో వ్యాసం ప్రచురించాడు.

ఇంకొక ఇబ్బంది కూడా ఉంది. ఆదివారం సాయంత్రం అందరూ ఎక్కేవారే, దిగేవారు తక్కువ. పడవలను పైకి చేర్చిన గది మళ్ళీ ఖాళీగానే కిందికి రావాలి. అంటే లాకు చేసే పనిలో సగం వృథా.

మరి గదిని ఎక్కువసార్లు నడపరాదా?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మట్టాల తేడా 4 మీటర్లు ఉంటే చిన్న గదిని ఒకసారి నింపడానికి సుమారు 16 లక్షల లీటర్ల నీరు కావాలి. పెద్ద గదికి 2 కోట్ల 40 లక్షల లీటర్లు! గదిలో 5 పడవలున్నా 50 పడవలున్నా ఈ లెక్కలో చెప్పుకోదగ్గ మార్పు ఉండదు. తేలే పడవ తన బరువుకు సమానమైన నీటినే తొలగిస్తుందని ఆర్కిమిడీస్ చెప్పాడు కదా. అది పైన ఉన్నా కింద ఉన్నా తొలగించే నీటి బరువు అంతే. కనుక ఖాళీగా నడిపిన ప్రతిసారీ సరస్సు నీరు ఊరికే సముద్రం పాలవుతుంది. వర్షం లేని వేసవిలో ఇది తేలిక విషయం కాదు. వాషింగ్టన్ సరస్సు మీద నీటిపై తేలే వంతెనలున్నాయి. సరస్సు మట్టాన్ని 60 సెంటీమీటర్ల హద్దులోనే ఉంచాలని చూస్తారు.

అంతేకాదు. ఉప్పునీరు మంచినీటి కన్నా బరువు. కింది తలుపు తెరిచినప్పుడల్లా అది గది అడుగున పాముకుంటూ చొరబడుతుంది. పై తలుపు తెరిస్తే సరస్సులోకి జారిపోతుంది. దీన్ని ఆపడానికి పెద్ద గది పై కొసన, అడుగున, లేచి వాలే అడ్డుగోడ ఒకటి పెట్టారు. లోతు తక్కువ పడవలు దాని మీదుగా పోతాయి. పెద్ద ఓడ వస్తే దాన్ని వాల్చేస్తారు.

ఇక చేపలు. సాల్మన్ చేప మంచినీటిలో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్ళీ పుట్టిన ఏటికే వస్తుంది. ఆ చేపలు ఎక్కడానికి లాకు పక్కనే 21 మెట్ల చేపల నిచ్చెన ఉంది. ఇప్పుడున్న నిచ్చెనను 1976లో కట్టారు. పిల్ల చేపలు సముద్రానికి దిగే రోజుల్లో కొన్ని పెద్ద గది తూముల్లోకి లాగబడతాయి. తూము గోడలకు అంటుకున్న పెంకు పురుగుల అంచులు కత్తుల్లాంటివి. అందుకని ఆ పెంకులను గీకి తీసివేస్తారు, ఆ రోజుల్లో గదిని నెమ్మదిగా నింపుతారు. పడవల వాళ్ళు మరికాసేపు ఆగుతారు, పిల్ల చేపలు బతికి బయటపడతాయి. ఈ బేరంలో నష్టపోయింది ఎవరో మీరే చెప్పండి.

బారు తగ్గే ఉపాయాలు

మొదటిది వరుసక్రమం. ప్రభుత్వ పడవలు, సరుకు ఓడల వంటి పని మీద ఉన్నవాటికి ముందు దారి, షికారు పడవలకు తరువాత. రెండవది సర్దుబాటు. పెట్టెలో పుస్తకాలు సర్దినట్టు పెద్ద పడవలను గోడ పక్కన, చిన్నవాటిని వాటి పక్కన తాళ్ళతో కట్టి గదిని నింపుతారు. దిగే గదిలో తాడును బిగించి మరచిపోతే నీరు దిగుతుంది, పడవ గోడకు వేలాడుతుంది! కాబట్టి మనిషి దగ్గరుండి తాడు వదులుతూ ఉండాలి. ఆ తాడు పట్టడం తెలియనివాడు ఒక్కడున్నా అందరికీ ఆలస్యమే.

మూడవది కొత్త కట్టడం. హాలండులోని ఎన్‌క్హాయిజన్ దగ్గర వేసవిలో షికారు పడవలు పాత లాకు ముందు బారులు తీరేవి. పడవల కోసం వంతెన ఎత్తినప్పుడల్లా రోడ్డు మీద కార్లూ ఆగిపోయేవి. అక్కడ 2003లో రెండు గదుల కొత్త లాకు తెరిచారు. ఇప్పుడు రోడ్డు ఆ లాకు కిందుగా సొరంగంలో పోతుంది! కానీ అలాంటి కట్టడం అన్ని చోట్లా సాధ్యం కాదు. అన్నిటికన్నా చవకైన ఉపాయం నాలుగవది: అందరూ వచ్చే వేళ కాక మరో వేళ రావడం.

రేపు బడిలో ఈ ప్రయోగం చేసి చూడండి. విరామం మొదలైనప్పటి నుంచి కుళాయి బారులో ఎంతమంది ఉన్నారో నిమిషానికొకసారి లెక్కపెట్టి గ్రాఫు గీయండి. బారు ఎంత వేగంగా పెరిగిందో, ఎంత నింపాదిగా తగ్గిందో మీకే కనిపిస్తుంది. తరువాత ఆరు, ఏడు తరగతులకు ఐదు నిమిషాలు ముందుగా విరామం ఇవ్వమని మీ హెడ్మాస్టరు గారిని అడగండి. గ్రాఫు చేతిలో ఉంటే ఆయన తప్పక వింటారు.