ఎవరైనా చెరపగల పేజీ ఎలా నిలుస్తుంది?

ప్రశ్న: తెలుగు వికీపీడియాలో మా రాజయ్యపేట గురించి ఎవరైనా రాయొచ్చట. ఎవరైనా చెరిపెయ్యొచ్చు కూడానట. మరి రాసిందంతా పాడైపోదా? మా నాన్నకు తెలిసిన చేపల వేట సంగతులు అందులో పెట్టొచ్చా?

జవాబు: అడగాల్సిన ప్రశ్నే. ముందు మీ ఊరి ఒడ్డునే చూద్దాం. వలలు బాగుచేసుకుంటూ ఒకరు ఏదో చెబుతారు. తప్పయితే పక్కాయన అక్కడికక్కడే దిద్దుతాడు. అచ్చు పుస్తకానికి ఆ పక్కాయన ఉండడు. మన తీరంలో మరపడవల వేట నిషేధం ఒకప్పుడు ఏప్రిల్ 15 నుంచి మే 31 దాకా, 47 రోజులు. 2015 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. అంతకుముందు అచ్చయిన పుస్తకం ఇప్పటికీ 47 అనే చెబుతుంది.

ప్రోగ్రాములు రాసేవాళ్లు పనిలో నేర్చుకున్నది ఒకరికొకరు చెప్పుకోవడానికి వార్డ్ కనింగ్‌హామ్ అనే అమెరికన్ 1995లో ఒక సైటు తెరిచాడు. ఒడ్డున ఆ పక్కాయనలాగే, చదివేవాళ్లే దిద్దే వీలు కల్పించాడు. అదే మొదటి వికీ. ఆ పద్ధతిలోనే 2001లో వికీపీడియా, 2003లో తెలుగు వికీపీడియా మొదలయ్యాయి.

ఇక చెరపడం సంగతి. పేజీలో ఏం మార్చినా పాత రూపం పోదు. ఆ పేజీ ‘చరిత్ర’ తెరిస్తే ఎప్పుడు, ఏ ఖాతా నుంచి, ఏ మాట మారిందో వరసగా కనిపిస్తుంది. పేజీ అంతా చెరపడానికి ఎంతసేపో, పాత రూపం తిరిగి తేవడానికీ అంతసేపే. కొందరు ఆ పేజీని తమ వీక్షణ జాబితాలో పెట్టుకుంటారు కాబట్టి మార్పు వాళ్ల కంట పడుతుంది. అందుకే పాడుచేసినవాడి పని ఎక్కువసేపు నిలవదు.

కాని ఇదంతా చూసేవాళ్లున్న పేజీకే. ఎవరూ తొంగిచూడని పేజీలో తప్పు ఏళ్ల తరబడి ఉండిపోతుంది. చిన్న ఊళ్ల పేజీల విషయంలో నా బెంగ అదే. మీ నక్కపల్లి మండలం 2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. ఆ ఒక్క ముక్క దిద్దడానికైనా ఊరి మీద ధ్యాస ఉన్న మనిషి కావాలి.

నాన్నగారి అనుభవాన్ని మాత్రం నేరుగా వికీపీడియాలో పెట్టలేం. రాసింది ఎవరో చదివేవారికి తెలియదు కనుక, వికీపీడియా ప్రచురితమైన ఆధారం అడుగుతుంది. నిషేధం తేదీలకు ప్రభుత్వ ఉత్తర్వు చూపొచ్చు. నీటి రంగు చూసి చేపల జాడ పట్టే నేర్పుకు ఏం చూపుతాం? దానికి గూగుల్ డాక్స్ లాంటి ఉమ్మడి పత్రం మేలు. పెద్దవాళ్లు చెబుతుంటే మీరు రాయండి. చెప్పిందెవరో, ఏ నెల సంగతో పక్కనే వేయండి. పక్క ఊరివాళ్లకూ దిద్దే వీలివ్వండి. అక్కడా పాత రూపాలు భద్రంగా ఉంటాయి. అది రేపు మంచి పత్రికలో అచ్చయితే, దాన్నే ఆధారంగా చూపి వికీపీడియాలో రాయొచ్చు.