కార్ల్ అను పేరు – పుట్టుక, పెంపు

సి. పి. బ్రౌను దొర పేరు వినని తెలుగు కుటుంబము లేదనవచ్చును. వేమన పద్యములను 1829లో అచ్చు వేయించినవాడు, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించినవాడు ఆయనయే. కాని ఆ పేరులోని మొదటి అక్షరము దేనికి గుర్తు అని అడిగినచో, చార్లెస్ అని వెంటనే చెప్పగలవారు కొలదిమంది. ఆ చార్లెస్ అను మాటకు అర్థమేమి అని అడిగినచో, చెప్పగలవారు మరింత అరుదు.

ఇంగ్లీషువారి చార్లెస్, ఫ్రెంచివారి శార్ల్, ఇటలీవారి కార్లో, స్పెయినువారి కార్లోస్, పోలండువారి కారోల్, చెక్కుల కారెల్, హంగేరీవారి కారోయ్ – ఇవన్నియు ఒక్క పేరే. జర్మనీలోను, స్వీడన్, డెన్మార్కు దేశములలోను నేటికిని వాడుకలోనున్న కార్ల్ అను పేరు వీనికన్నింటికిని దగ్గరి బంధువు. మూలము ఒక ప్రాచీన జర్మానిక్ పదము. ఒక పేరు పలుదేశములు తిరిగి పలురూపములు దాల్చుట వింత కాదు. ఈ పేరు విషయమున వింత ఏమనగా, దీనికి మూలమైన మాట ఒకచోట సింహాసనమెక్కినది; మరియొకచోట తిట్టుగా దిగజారినది. అది ఎట్లు జరిగెనో చూతము.

జర్మానిక్ జాతులవారి పురాతన నామములలో పెక్కు, రెండేసి పదములు కలిసి ఏర్పడిన సమాసములు. ఫ్రీడ్రిఖ్ అను పేరున శాంతి, పాలకుడు అను మాటలు గలవు. లూడ్విగ్ అను పేరున కీర్తి, యుద్ధము అను మాటలు గలవు. కార్ల్ అట్టిది కాదు. అది ఒంటి పదము. అందు శౌర్యమును లేదు, ఐశ్వర్యమును లేదు. దాని అర్థము మగవాడు. అందును, ప్రభువు కాక, దాసుడును కాక, స్వతంత్రుడై బ్రతుకు సామాన్యుడు.

ప్రాచీన స్కాండినేవియా భాషలోని రీగ్స్‌థూలా అను కావ్యమున ఈ అర్థమే కథారూపమున కానవచ్చును. రీగ్ అను దేవుడు మూడు ఇండ్లకు అతిథిగా పోవును. ఆ ఇండ్లలో వరుసగా ముగ్గురు కుమారులు జన్మింతురు. మొదటివాడు థ్రాల్, దాసులకు మూలపురుషుడు. కడపటివాడు యార్ల్, ప్రభువులకు మూలపురుషుడు. నడిమివాడు కార్ల్. అతడు ఎద్దులను మచ్చిక చేయును, నాగళ్లు చేయును, ఇండ్లు కట్టును. ఒకరిని కొలువడు, ఒకరిచే కొలిపించుకొనడు.

ఇట్టి సామాన్యుని పేరు రాచనగరులోనికి ఎట్లు ప్రవేశించెను? ఫ్రాంకులను మొదట ఏలిన మెరొవింగియన్ వంశపు రాజులలో ఒక్కనికిని ఈ పేరు లేదు. వారి కొలువున సర్వాధికారియై రాజ్యమును నడపిన పెపిన్ అను ప్రభువునకు, పెద్ద భార్యకు గాక మరియొక స్త్రీకి ఒక కుమారుడు జన్మించెను. అతనికి కార్ల్ అని పేరిడిరి. 714లో తండ్రి మరణింపగనే సవతితల్లి అతనిని చెరలో పెట్టించెను. అతడు చెర నుండి తప్పించుకొని, సేనలు కూర్చి, తండ్రి అధికారమును చేజిక్కించుకొనెను. 732లో పోయిటియర్స్ చెంత జరిగిన యుద్ధమున జయించిన కార్ల్ మార్టెల్ ఇతడే. మార్టెల్ అనగా సుత్తి. ఇతడు బ్రతికినన్నాళ్లు రాజు అనిపించుకొనలేదు. 751లో ఇతని కుమారుడు రాజయ్యెను. తాత పేరు పెట్టుకొనిన మనుమడు 768లో రాజై, 800వ సంవత్సరమున క్రిస్మసునాడు రోము నగరమున పోపుచేత చక్రవర్తి కిరీటము ధరించెను. చరిత్రలో షార్లమేన్ అని పేరొందిన మహా కార్ల్ ఆయనయే.

ఈ చక్రవర్తి జీవితచరిత్రను ఆయన కొలువులోనివాడైన ఐన్‌హార్డు వ్రాసెను. పెద్దతనమున వ్రాత నేర్చుకొనవలెనని చక్రవర్తి పలకలు తలదిండు క్రింద ఉంచుకొని అక్షరములు దిద్దెడివాడట. కాని ప్రయత్నము ఆలస్యముగా మొదలిడుటచే చేయి తిరుగలేదట. శాసనములపై కరోలస్ అను తన లాటిన్ పేరును లేఖకులు ముద్రవలె కూర్చి వ్రాయగా, ఆయన నడుమ ఒక గీత గీసి పూర్తిచేసెడివాడు. యూరప్‌లో సగముమేర చెల్లిన పేరును దాని యజమాని సొంతముగా వ్రాయలేకపోయెను.

ఆయన రాజ్యమునకు తూర్పు సరిహద్దున స్లావ్ జాతులు వసించుచుండిరి. వారికి అంతటి ప్రభువు మరియొకడు కానరాలేదు. కనుక ఆయన పేరే వారి నోట రాజు అను అర్థమునకు మాట అయినదని భాషాశాస్త్రజ్ఞులలో అధికుల అభిప్రాయము. చెక్కు భాషలో క్రాల్, పోలిష్ భాషలో క్రూల్, రష్యన్ భాషలో కొరోల్, హంగేరియన్ భాషలో కిరాయ్ అనగా రాజే. రోము ప్రభువైన సీజరు పేరు జర్మనీలో కైజర్, రష్యాలో జార్ అయినట్లే ఇదియును. ప్రేగు నగరమున 1348లో విశ్వవిద్యాలయమును స్థాపించిన ప్రభువునకు మొదటి పేరు వాత్స్లావ్. బాల్యమున ఫ్రెంచి కొలువున పెరుగుచు అచటి రాజు పేరైన కార్ల్‌ను ఆయన స్వీకరించెను. చెక్కులు ఆయనను క్రాల్ కారెల్ అందురు. ఆ రెండు మాటలును మూలమున ఒక్కటే.

ఇక పడమటి కథ. ఇంగ్లండున ఇదే మాట చెయొర్ల్ అను రూపమున ఉండెను. అది పేరు కాదు. స్వతంత్రుడైన సేద్యగానికి సామాన్యనామము. పూర్వపు వెస్సెక్స్ న్యాయశాసనముల ప్రకారము, అట్టివానిని చంపినచో చెల్లింపవలసిన పరిహారము 200 షిల్లింగులు, ప్రభువునకైనచో 1200. విలువ తక్కువయే, కాని అతడు చట్టమున మనిషిగా నిలిచినవాడు. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట సేద్యగాండ్రు భూస్వాముల చేతిక్రిందివారైరి. వారి స్వాతంత్ర్యముతోపాటు ఆ మాట గౌరవమును పోయెను. నేటి ఇంగ్లీషులో చర్ల్ అనగా మోటువాడు, మర్యాద తెలియనివాడు. మాట చేసిన తప్పేమియు లేదు. దానిని ధరించినవారు అణగద్రొక్కబడిరి. వారితో మాటయు అణగినది.

పేరుగా చార్లెస్ ఇంగ్లండునకు ఫ్రాన్సు మీదుగా వచ్చినది. కకారము చకారమగుట చూచి మనము ఆశ్చర్యపడనక్కరలేదు. కన్నడమున కివి మనకు చెవి; వారి కెరె మన చెరువు. లాటిన్ కరోలస్ ఫ్రెంచివారి నోట అట్లే మారినది. మధ్యయుగమున ఇంగ్లండులో ఈ పేరు అరుదు. స్టువార్టు రాజుల కాలమున అది ప్రబలెను. వారిలో మొదటి చార్లెస్ 1649లో ప్రజాప్రతినిధుల తీర్పున శిరచ్ఛేదము పొందెను. రెండవ చార్లెస్ 1685లో మరణించెను. 2022లో మూడవ చార్లెస్ వచ్చువరకు, 337 సంవత్సరములు ఆ సింహాసనముపై ఈ పేరు లేదు. కాని ప్రజల ఇండ్లలో దానికి కొదువ లేదు. 1809లో పుట్టిన డార్విను, 1812లో పుట్టిన డికెన్సు, ఇరువురును చార్లెస్‌లే.

ఇతర దేశములందును ఇంతే. మొక్కలకు, జంతువులకు శాస్త్రీయ నామములు పెట్టు పద్ధతిని స్థిరపరచిన లినేయస్, గణితశాస్త్రజ్ఞుడు గౌస్, 1818లో ట్రియర్ నగరమున జన్మించిన మార్క్స్ – అందరును కార్ల్‌లే. ఆడపిల్లలకు పెట్టు షార్లెట్, కారొలీన్ అను పేర్లును దీనినుండియే వచ్చినవి. అమెరికాలోని రెండు కరోలినా రాష్ట్రములు, జర్మనీలో 1715లో వెలసిన కార్ల్స్‌రూ నగరము ఈ పేరు మోయుచున్నవి. ఫ్రెంచివారి పేకలలో మన ఆటీను రాజునకు శార్ల్ అని పేరు. స్వీడన్‌వారు మన సప్తర్షి మండలమును కార్ల్ బండి అందురు. జర్మనీలో 19వ శతాబ్దమున విశేషముగా వ్యాపించిన ఈ పేరు, రెండవ ప్రపంచ యుద్ధానంతరము పాతబడినదని తగ్గిపోయెను. ఇటీవల పాత పేర్లపై మమకారము పెరుగుటచే మరల ఊయలలలో వినబడుచున్నది.

మరల మన బ్రౌను దొర కడకు వత్తము. 1798లో కలకత్తాలో ఆయనకు ఈ పేరు పెట్టిన తల్లిదండ్రులకు, దాని అర్థము స్వతంత్రుడైన సామాన్యుడని తెలిసినను తెలియకున్నను, తెలుగువారికి ఆ పేరు కిరీటముతో ముడిపడినది కాదు. కడపలో సొంత డబ్బు వెచ్చించి, పండితులను కూర్చుకొని, శిథిలమగుచున్న తాళపత్రములను సరిచూచి వ్రాయించిన శ్రమతో ముడిపడినది. నాగలి చేసి, ఇల్లు కట్టిన ఆ మొదటి కార్ల్‌కు, తమదికాని భాషకు ఇల్లు చక్కబెట్టిన ఈ చార్లెస్ తగిన వారసుడని మనము సంతోషముతో చెప్పుకొనవచ్చును.