క్యాన్సరు నమోదు: ఒకరి వివరము, పదిమందికి రక్ష

పూర్వము ప్రజలు రాచపుండు అని పిలిచి భయపడిన వ్యాధియే నేడు క్యాన్సరు అని వ్యవహరింపబడుచున్నది. శస్త్రచికిత్స, రేడియేషను, ఔషధములు అను సాధనములతో వైద్యులు దీనిని ఎదుర్కొనుచున్నారు. వీటికి తోడుగా మరియొక సాధనము కలదు. రోగి కంటికి అది కనబడదు. ఏ ఊరివారికి, ఏ వయస్సున, శరీరములో ఏ భాగమున, ఏ దశలో వ్యాధి బయటపడినది, చికిత్స పొందినవారు ఎంతకాలము జీవించిరి అను వివరములను సేకరించి, సరిచూచి, ఒకచోట చేర్చుటయే ఆ సాధనము. దీనినే క్యాన్సరు నమోదు అందురు.

లెక్క ఎందుకు?

ఒక వైద్యునికి తన యొద్దకు వచ్చిన రోగులు మాత్రమే తెలియుదురు. రానివారి సంగతి ఆయనకు తెలియదు. ఒక ఆసుపత్రిలో రొమ్ము క్యాన్సరు రోగులు ఎక్కువగా కనబడినంత మాత్రమున ఆ జిల్లాలో ఆ వ్యాధి ఎక్కువని చెప్పుటకు వీలులేదు. అక్కడ ఆ వ్యాధికి మంచి వైద్యుడు ఉండుటచేత దూరప్రాంతముల వారు కూడ వచ్చుచుండవచ్చును. కావున నమోదు రెండు విధములుగా జరుగుచున్నది. ఒక ఆసుపత్రికి వచ్చిన రోగులనందరిని వ్రాయుట మొదటిది. దీనివలన చికిత్స ఎట్లు సాగుచున్నదో తెలియును. ఒక నిర్ణీత ప్రాంతమున నివసించువారిలో ఎవరికి క్యాన్సరు వచ్చినను, వారు ఎక్కడ చికిత్స పొందినను, వారిని ఆ ప్రాంతపు లెక్కలో చేర్చుట రెండవది. ఆ ప్రాంతమున వ్యాధి ఎంత గలదో దీనివలన తెలియును.

మన దేశములో నమోదు

జనాభా ప్రాతిపదికపై మన దేశములో మొట్టమొదటి నమోదు కేంద్రమును 1963లో ఇండియన్ క్యాన్సర్ సొసైటీ బొంబాయి నగరములో నెలకొల్పెను. 1981 డిసెంబరులో భారత వైద్య పరిశోధన మండలి జాతీయ క్యాన్సరు నమోదు కార్యక్రమమును ప్రారంభించినది. 1982 జనవరి 1వ తేదీ నుండి బెంగళూరు, బొంబాయి, మద్రాసు నగరములలో జనాభా నమోదును, చండీగఢ్, డిబ్రూగఢ్, తిరువనంతపురములలో ఆసుపత్రి నమోదును మొదలిడిరి. పల్లెప్రజల పరిస్థితి తెలిసికొనుటకై 1987లో మహారాష్ట్రలోని బార్శిలో గ్రామీణ నమోదు కేంద్రము ఏర్పడినది. ప్రస్తుతము బెంగళూరులోని జాతీయ వ్యాధి సమాచార, పరిశోధన కేంద్రము ఈ కార్యమునంతటిని సమన్వయపరచుచున్నది. హైదరాబాదు జిల్లా నమోదును నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ నిర్వహించుచున్నది.

నమోదు జరుగు విధము

రోగియే వచ్చి పేరు వ్రాయించుకొనవలెనను నియమము లేదు. నమోదు కేంద్రపు ఉద్యోగులే ఆసుపత్రులకును, కణజాల పరీక్షలు జరుపు ప్రయోగశాలలకును, మరణములు నమోదుచేయు కార్యాలయములకును వెళ్లి వివరములు సేకరింతురు. ఆ వివరములను అన్ని కేంద్రములలోను ఒకే నమూనా పత్రములో నింపుదురు.

ఇచ్చట మొదటి చిక్కు భాషకు సంబంధించినది. ఒకే వ్యాధిని ఒక వైద్యుడు ఒక విధముగా, మరియొకరు మరియొక విధముగా వ్రాయుదురు. ఈ భేదములు తొలగించుటకై ప్రపంచమంతటను ఒకే సంకేత పద్ధతి అమలులో ఉన్నది. దాని ప్రకారము రొమ్ము క్యాన్సరుకు సి50, గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరుకు సి53, జీర్ణకోశపు క్యాన్సరుకు సి16 అని వ్రాయుదురు. వైద్యుడు ఏ భాషలో ఏ మాట వాడినను కంప్యూటరులో చేరునది ఈ సంకేతమే. అందుచేతనే హైదరాబాదు లెక్కను ఐజ్వాల్ లెక్కతోను, ఇతర దేశముల లెక్కతోను పోల్చుటకు వీలు కలుగుచున్నది.

రెండవ చిక్కు పేర్లకు సంబంధించినది. హైదరాబాదులో నివసించు లక్ష్మి అను స్త్రీని ఉదాహరణగా తీసికొందము. వీధిచివరి ప్రయోగశాలలో ఆమె పేరు ‘కె. లక్ష్మి’ అని వ్రాసిరి. పెద్దాసుపత్రిలో ‘లక్ష్మీదేవి’ అని వ్రాసిరి. ముంబయికి వెళ్లినప్పుడు ఆమె పేరు చివర భర్త పేరు చేర్చిరి. మూడు చోట్ల మూడు చీటీలు పుట్టినవి. సరిచూడనిచో ఒక రోగి ముగ్గురగును. కావున పేరు, వయస్సు, చిరునామా, తండ్రి లేక భర్త పేరు, వ్యాధి సోకిన భాగము అను వాటినన్నిటిని పోల్చి, ఒకే వ్యక్తికి చెందిన చీటీలను కంప్యూటరు సాయముతో ఏరుదురు. సందేహము మిగిలినచో ఉద్యోగులు మూలపత్రములను తిరిగి పరిశీలింతురు.

మూడవది చిరునామా. దూరపు పల్లె నుండి వచ్చినవారు ఆసుపత్రిలో, ‘ఉత్తరము చేరునుగదా’ అను తలంపుతో, నగరములోని బంధువుల ఇంటి చిరునామా వ్రాయింతురు. దీనివలన వారి వ్యాధి నగరపు లెక్కలో చేరి, సొంత జిల్లా లెక్కలో లోపించును. ఒక ప్రాంతమున కనీసము ఒక సంవత్సరము నివసించినవారినే ఆ ప్రాంతవాసులుగా లెక్కింతురు. పరీక్షా శిబిరములు ఎక్కడ పెట్టవలెను, రేడియేషను యంత్రమును ఎచ్చట నెలకొల్పవలెను అను నిర్ణయములకు ఈ లెక్కలే ఆధారము. కావున తప్పు చిరునామా వలన నష్టపోవునది ఆ పల్లెయే.

లెక్కలు తెలిపిన సంగతులు

2020లో ప్రచురింపబడిన జాతీయ నివేదికలో 28 జనాభా నమోదు కేంద్రముల 2012–2016 నాటి వివరములు గలవు. ఈ కేంద్రములు దేశ జనాభాలో ఇంచుమించు పదవ వంతును మాత్రమే ఆవరించుచున్నవి. అయినను అవి తెలిపిన భేదములు గమనింపదగినవి. వయోభేదములను సరిచేసి లెక్కింపగా, మిజోరములోని ఐజ్వాల్ జిల్లాలో పురుషులలో లక్షకు 269.4 మందికి ఏటా క్రొత్తగా క్యాన్సరు కనబడినది. మహారాష్ట్రలోని ఉస్మానాబాదు, బీడ్ జిల్లాలలో ఆ సంఖ్య 39.5 మాత్రమే. గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరు అరుణాచల్ ప్రదేశ్‌లోని పాపుమ్ పరే జిల్లాలో అధికము. స్త్రీలలో లక్షకు 27.7. రొమ్ము క్యాన్సరు అన్నిటికంటె ఎక్కువగా కనబడినది హైదరాబాదు జిల్లాలో. స్త్రీలలో లక్షకు 48.

ఒకే దేశములో ఇంత భేదమున్నప్పుడు అందరికి ఒకే ఏర్పాటు చాలదు. ఒకచోట పొగాకు మాన్పించుట ముఖ్యము. మరియొకచోట రొమ్ములో గడ్డను త్వరగా గుర్తించు పరీక్ష ముఖ్యము.

నమోదు వలన ప్రాణరక్షణ కూడ కలుగునని ఉస్మానాబాదు జిల్లాలో జరిగిన పరిశోధన నిరూపించినది. అచ్చట 30 నుండి 59 సంవత్సరముల వయస్సుగల లక్షా ముప్పదివేలకు పైగా స్త్రీలను గ్రామసముదాయముల వారీగా నాలుగు విభాగములుగా చేసిరి. ఒక విభాగమునకు హెచ్.పి.వి. వైరసు పరీక్షను ఒక్క పర్యాయము జరిపి, అవసరమైనవారికి చికిత్స చేసిరి. ఎనిమిది సంవత్సరములు వారిని అనుసరించి, బార్శి నమోదు కేంద్రము నెలకొల్పిన పద్ధతులతో వ్యాధిని, మరణములను లెక్కించిరి. ప్రత్యేక పరీక్ష జరుగని విభాగమున 31 వేలకు పైగా స్త్రీలలో 64 మంది ఈ క్యాన్సరుచే మరణింపగా, వైరసు పరీక్ష జరిగిన విభాగమున 34 వేలకు పైగా స్త్రీలలో 34 మంది మరణించిరి. ఫలితములు 2009లో ప్రకటితములైనవి. ఎనిమిదేండ్లు శ్రద్ధగా లెక్క వ్రాయువారు లేనిచో ఈ సత్యము వెల్లడి అయియుండెడిది కాదు.

ఆసుపత్రుల కూటమి

లెక్కతోపాటు చికిత్సానుభవమును పంచుకొనుట కూడ అవసరము. ఇందులకై 2012లో అణుశక్తి శాఖ ఆర్థిక సహాయముతో, ముంబయిలోని టాటా మెమోరియల్ కేంద్రము నేతృత్వమున నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ అను కూటమి ఏర్పడినది. నేడు ఇందు 300కు పైగా సంస్థలు గలవు. ఇవి ఒకే విధమైన చికిత్సా మార్గదర్శకములను రూపొందించుకొన్నవి. క్లిష్టమైన రోగి విషయమున వేర్వేరు నగరముల నిపుణులు వీడియో ద్వారా కలిసి, స్కానులను, పరీక్షా ఫలితములను పరిశీలించి సలహా ఇచ్చుచున్నారు.

అయితే కంప్యూటర్లను కలిపినంత మాత్రమున పని నెరవేరదు. అమెరికాలోని జాతీయ క్యాన్సరు సంస్థ 2004లో ‘కాబిగ్’ అను పేర పరిశోధనశాలలనన్నిటిని కలుపు బృహత్ పథకమును ప్రారంభించినది. తయారైన సాధనములనేకము పరిశోధకుల అవసరములకు తగినట్లు లేవని 2011లో ఒక సమీక్షా సంఘము తేల్చగా, 2012లో ఆ పథకము ముగిసినది. మొదట ప్రశ్న స్పష్టముగా ఉండవలెను. యంత్రము తరువాత రావలెను.

వివరముల గోప్యత

‘ఈ సంగతి నలుగురికి తెలిసినచో పిల్ల పెండ్లి ఆగునేమో, ఉద్యోగము పోవునేమో’ అను భయము అనేక కుటుంబములలో కలదు. ఈ భయము అర్థము లేనిది కాదు. కావున పేరు, చిరునామా వంటివి చీటీలను సరిపోల్చుటకు, రోగి క్షేమము విచారించుటకు మాత్రమే ఉపయోగింపవలెను. ప్రచురించు నివేదికలలో సంఖ్యలే గాని పేర్లు ఉండవు. మరియొక పద్ధతియు వాడుకలోనికి వచ్చుచున్నది. అందు రోగుల కాగితములు ఆసుపత్రిని విడువవు. పరిశోధకుని ప్రశ్నయే ఒక్కొక్క ఆసుపత్రి కంప్యూటరునకు వెళ్లి, జవాబును మాత్రము తీసికొని వచ్చును. వ్యక్తిగత వివరముల రక్షణకై 2023లో పార్లమెంటు ప్రత్యేక చట్టమును చేసినది. తమ వివరములు ఎందులకు వాడుదురని అడుగు హక్కు రోగికి కలదు.

ప్రజలు చేయవలసినది

ఆసుపత్రిలో ప్రతిసారి ఒకే విధముగా పూర్తిపేరు, సరియైన వయస్సు వ్రాయింపవలెను. స్థిరనివాసమగు ఊరి చిరునామానే తెలుపవలెను. ఉత్తరములకు వేరొక చిరునామా అవసరమైనచో దానిని విడిగా ఇయ్యవలెను. బయాప్సీ నివేదికను, పాత చీటీలను భద్రపరచి, వేరొక ఆసుపత్రికి పోవునప్పుడు వెంట తీసికొనిపోవలెను. ఇష్టమున్నవారు పదునాలుగు అంకెల ‘ఆభా’ సంఖ్యను పొంది, తమ వైద్యపత్రములను దానితో జతపరచుకొనవచ్చును. చికిత్స ముగిసిన తరువాత ఆసుపత్రివారు ఫోనుచేసి క్షేమమడిగినచో విసుగుకొనక జవాబు చెప్పవలెను. రోగి మరణించినచో, ఎంత దుఃఖమున ఉన్నను, మరణమును, దాని కారణమును నమోదు చేయించవలెను.

2022లో మన దేశమున క్రొత్తగా క్యాన్సరు బారిన పడినవారు సుమారు 14 లక్షల 61 వేలమంది అని జాతీయ నమోదు కార్యక్రమము అంచనా వేసినది. ఆ సంఖ్యలో ప్రతి ఒక్కరును ఒక ఇంటివారు. వారి వివరములు సరిగా వ్రాయబడినచో, వారికి తెలియని ఊళ్లలో, వారు ఎన్నడును చూడని వారికి వ్యాధి ముందుగా పట్టుబడి ప్రాణము నిలుచును.